నీళ్లు పోసిన చేతికి వంతు ఏది?

గత మే నెల చివరి ఆదివారం మా సంఘంలో ఒక సొరకాయను వేలం వేశాం. మా కరీంనగర్ వాళ్లు దాన్ని ఆనిగెపుకాయ అంటారు. రెండు కిలోలుంటుందేమో. 50 రూపాయల దగ్గర మొదలైన పాట 1,100 దగ్గర ఆగింది. పాడుకున్న సహోదరుడికి సొంత సాంచాలున్నాయి, మంచి మనసూ ఉంది. అందరం చప్పట్లు కొట్టాం. బల్ల ముందు నిలబడి "ఒకటోసారి, రెండోసారి" అని పాట నడిపింది నేనే.

కోత పండుగ తెలిసిన తెలుగు క్రైస్తవులకు ఇందులో వింతేమీ లేదు. ఊళ్లో అయితే వడ్ల బస్తా, కోడిపుంజు, గుమ్మడికాయ, అరటిగెల, ఎవరికి కలిగింది వాళ్లు తెస్తారు. వేలం వేస్తారు. డబ్బు మందిర నిర్మాణానికో సువార్త పనికో పోతుంది. చిన్నప్పటి నుంచి నాకు చాలా ఇష్టమైన పండుగ అది. కాకపోతే ఆ రోజు మా బల్ల మీదున్న కూరలు ఏ ఒక్కరి ఇంటి నుంచో వచ్చినవి కావు. పదకొండు కుటుంబాలు కలిసి నాలుగు నెలలు పెంచిన ఉమ్మడి తోటలోవి.

ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే ఒక అక్క దగ్గరికొచ్చింది. ఇంట్లో కండెలు చుడుతుంది. భర్త రాత్రి పాళీ సాంచాల మీద ఉంటాడు.

"అయ్యగారూ, ఆ తీగకు నీళ్లు నేనే పోసిన. మగపువ్వు తెంపి ఆడపువ్వుకు అద్దింది గూడ నేనే. ఇయ్యాల కాయ ఇంటికి తీస్కపోదామంటే నా దగ్గర పైసల్లెవ్వు" అంది. కోపంగా కాదు, నవ్వుతూనే. "పోనీయుండ్రి, దేవునికే పాయె గదా."

నిజంగా దేవునికే పోయిందా? వారం రోజులు ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

వరాలా తలావ్ చూడని పాఠకుల కోసం నాలుగు మాటలు. ముంబైకి ఎగువన, ఠాణే జిల్లాలో ఉన్న మరమగ్గాల ఊరు భివండీ. ఊళ్లో కామత్‌ఘర్ ప్రాంతంలో వరాలదేవి గుడి, దాన్ని ఆనుకొని పెద్ద చెరువు. ఆ చెరువే వరాలా తలావ్. అక్కణ్ణుంచి పద్మానగర్ దాకా నడిస్తే దుకాణాల బోర్డుల మీద తెలుగు అక్షరాలు కనిపిస్తాయి. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి తరాల కిందట చేనేత దెబ్బతిని వచ్చిన కుటుంబాలు. కొందరు సేట్లయ్యారు. ఎక్కువమంది పాళీకి పన్నెండు గంటలు నిలబడి మీటరు లెక్కన పగారు తీసుకునేవాళ్లే. వాళ్ల పక్కనే ఉత్తరప్రదేశ్, బీహార్ నుంచి వచ్చిన మగ్గం కార్మికులు. సాంచాల చప్పుడు ఆగదు. మా ప్రార్థనలో మైకు వాడేది గొప్పకు కాదు, ఆ చప్పుడు మీద మాట వినబడాలని.

తోట అంటే పెద్దగా ఊహించుకోకండి. మూతపడిన ఒక మగ్గాల షెడ్డు వెనక గుంటన్నర ఖాళీ జాగా. ఇనుప ముక్కలు, విరిగిన భీములు, నూలు చెత్త పేరుకుపోయి ఉండేది. "పని పడేదాకా వాడుకోండి" అని షెడ్డు యజమాని నోటిమాట మీద ఇచ్చారు. కాగితం లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

వేసవే ఎందుకంటే, కొంకణంలో జూన్ రెండో వారానికల్లా వాన మొదలవుతుంది. మొదలైతే సెప్టెంబరు దాకా ఆ జాగాలో మోకాలి లోతు నీళ్లు. చలికాలంలో బజారులో కూరలు చవగ్గానే దొరుకుతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఆకుకూర ధర పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే ఇక్కడ పని మందగిస్తుంది. పెళ్లిళ్లకని ఊళ్లకు పోయేవాళ్లు పోతారు, కొన్ని సాంచాలు ఆగుతాయి, మీటర్లు తగ్గుతాయి. పగారు తగ్గే నెలల్లోనే కూర ప్రియమవుతుంది. పప్పులో ఆకు లేకుండా పోయేది అప్పుడే. ఆ రెండు నెలల కోసమే ఈ తోట.

ఫిబ్రవరి మొదటి వారంలో విత్తనం వేశాం. కొయ్యకూర, అంటే తోటకూర, 25 రోజులకే చేతికొచ్చింది. పుంటికూర తర్వాత. దాన్నే గోంగూర అంటాం, ఇక్కడి బజారులో అంబాడీ అంటారు. బచ్చలికి విత్తనం అక్కర్లేదు, కొమ్మ గుచ్చితే చాలు. బెండ 50 రోజులు తీసుకుంది. గోకరకాయ, బీర, సొర వెనక వచ్చాయి. ఎండకు ఎక్కువగా తట్టుకున్నది గోకరకాయే. బెండకు పల్లాకు తెగులు వచ్చి మూడో వంతు మొక్కలు పసుపెక్కాయి. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అది, మందు కొట్టినా తెగులొచ్చిన మొక్క తిరిగి పచ్చబడదు. పీకి పారేయడమే. పీకడానికి మా వాళ్లకు చేతులు రాలేదు, రెండు రోజులు ఆలస్యం చేశాం. ఆ రెండు రోజుల్లో ఇంకో వరస పోయింది.

నేల మీద ఎండ పడకుండా మొదట సాంచాల కింద రాలే నూలు చెత్త పరిచాం. ఖర్చు లేదు కదా అని. అది పొరపాటు. ఇప్పుడు భివండీలో నేసే గుడ్డలో చాలావరకు పాలిస్టర్ కలుస్తుంది. అది మట్టిలో కుళ్లదు. ఒక్కొక్క పోగూ ఏరి తీయడానికి సండే స్కూలు పిల్లలకు మూడు సాయంత్రాలు పట్టింది. తర్వాత చెరకు రసం బండ్ల దగ్గర పిప్పి అడిగి తెచ్చాం. వేసవిలో అది ప్రతి నాకాలోనూ గుట్టలుగా ఉంటుంది, ఊరికే ఇస్తారు. తెచ్చినరోజే పరిస్తే చీమలు పడతాయి. రెండు రోజులు ఎండబెట్టి పరచాలి. దీనివల్ల నీళ్లు రోజు విడిచి రోజు పోసినా సరిపోయింది.

నీళ్ల దగ్గరే నా మనసులో మొదటి గొడవ. భివండీకి తూర్పున షహాపూర్ తాలూకా ఉంది. తాన్సా, భాత్సా జలాశయాలు అక్కడివే. తాన్సా ఆనకట్ట 1892 నాటిది. అప్పటి నుంచి ఆ నీళ్లు మా భివండీ పొలాల మీదుగా పెద్ద పైపుల్లో ముంబైకి పోతున్నాయి. అదే షహాపూర్‌లో ఆదివాసీ పాడాలకు ప్రతి వేసవీ ట్యాంకర్ రావాలి. ఇలాంటి చోట తాగే నీళ్లు తీసి బెండచెట్టుకు పోయడం న్యాయమా? ఐగుప్తులో కూరతోటకు కాలితో నీళ్లు తోడాల్సి వచ్చేదని ద్వితీయోపదేశకాండం 11వ అధ్యాయం గుర్తుచేస్తుంది. బానిసగా నీళ్లు తోడినవారికే నీటి విలువ తెలుసు. కాబట్టి కుళాయి నీళ్లు తోటకు వద్దని నిర్ణయించుకున్నాం. బియ్యం, కూరలు, గిన్నెలు కడిగిన నీళ్లే. సబ్బు నురగ ఉన్నది వద్దు. ప్రతి ఇంటి నుంచి సాయంత్రం రెండు బకెట్లు. వాటిని మోసింది ఎవరో వేరే చెప్పాలా? ఆడవాళ్లు, సెలవుల్లో ఉన్న పిల్లలు.

అంటే ఈ తోటలో పెట్టుబడి ఏదైనా ఉందంటే అది మోసిన నీళ్లే. డబ్బు దాదాపు లేదు. కోత దగ్గరికి వచ్చేసరికి మాత్రం, డబ్బు ఉన్నవాళ్లు కొనుక్కునే పద్ధతి పెట్టాం.

వేలానికి ముందు, ఏప్రిల్‌లో, ఇంకొకటి జరిగింది. దాన్ని దాచిపెట్టి ఈ వ్యాసం రాస్తే అబద్ధమవుతుంది. ఒక తెల్లవారుజామున మా యౌవనస్థులు ఇద్దరు తోటలో ఒక కుర్రవాణ్ణి పట్టుకున్నారు. పక్క షెడ్డులో రాత్రి పాళీ చేసే పిల్లవాడు. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ముస్లిం కుటుంబం. జేబులో నాలుగు బెండకాయలు, రెండు పచ్చిమిరపకాయలు. "చోర్, చోర్" అని అరిచారు. నేను వెళ్లేసరికి పదిహేను మంది గుమిగూడి ఉన్నారు.

భివండీలో 1970లో, 1984లో మత కలహాలు జరిగాయి. రెండుసార్లూ మే నెలలోనే. ఇళ్లు, సాంచాలు, మనుషులు కాలిపోయిన ఊరిది. అలాంటి ఊళ్లో తెల్లవారుజామున పేరు చూసి "దొంగ" అని అరిస్తే ఏమవుతుందో మా పెద్దవాళ్లకు తెలుసు. మా పిల్లలకు తెలియదు, వాళ్లు అప్పటికి పుట్టలేదు. ఆ రోజు పక్క షెడ్డు ముకద్దం, మా పెద్దాయన ఒకరు కలిసి అందరినీ పంపించేశారు. ఏమీ కాలేదు. ఆ కుర్రవాడు మాత్రం తర్వాత నెల రోజులు మమ్మల్ని చూస్తే తల దించుకొని పోయేవాడు.

యౌవనస్థులారా, ఇది మీకోసమే చెబుతున్నాను. ద్వితీయోపదేశకాండం 23:24-25 తీసి చదవండి. పొరుగువాడి ద్రాక్షతోటలోకి వెళ్లినవాడు ఆకలి తీరేదాకా తినవచ్చు, పాత్రలో వేసుకొని పోకూడదు. పొరుగువాడి చేలో చేత్తో వెన్నులు తుంచుకోవచ్చు, కొడవలి పెట్టకూడదు. యేసు శిష్యులు విశ్రాంతి దినాన వెన్నులు తుంచినప్పుడు పరిసయ్యులు రోజు గురించి తప్పుపట్టారే తప్ప దొంగతనమని అనలేదు. ఎందుకంటే ధర్మశాస్త్రం ప్రకారం అది దొంగతనం కాదు. నాలుగు బెండకాయలు చేతిలో పట్టేవే. మేము దొంగ అన్న పిల్లవాడు మోషే దృష్టిలో దొంగ కాడు.

రూతు కథలోనూ మనం ఒక సంగతి దాటేసి పోతాం. బోయజు దయ గురించి ఎన్నో ప్రసంగాలు చేశాను. రూతు గ్రంథం రెండో అధ్యాయంలో బోయజు ముందుగా కట్టడి చేసింది ఎవరిని? తన దగ్గర పనిచేసే పడుచువాళ్లను. ఆమె మీద చెయ్యి వేయవద్దు, ఆమెను అవమానపరచవద్దు, గద్దించవద్దు అని మళ్లీ మళ్లీ చెప్పాడు. పరదేశి పొలంలోకి వస్తే ముందు ప్రమాదం పడుచువాళ్ల నుంచే అని అతనికి తెలుసు. నాకు తెలిసుండాల్సింది. తోట మొదలుపెట్టినరోజే చెప్పుండాల్సింది. చెప్పలేదు.

ఇక పరిగె సంగతి. లేవీయకాండం 19:9-10లో మాట పేదవాడితో కాదు, పొలం గలవాడితో. అంచుల దాకా కోయవద్దు, రాలినది ఏరవద్దు, పేదకూ పరదేశికీ విడిచిపెట్టు. ఇది దానధర్మం అని మనం నేర్పుతూ వచ్చాం. దానం అయితే ఇచ్చేవాడు ఎవరికి, ఎంత, ఎప్పుడు అన్నది తానే నిర్ణయిస్తాడు. తీసుకునేవాడు చెయ్యి చాచాలి, దండం పెట్టాలి. పరిగెలో అదేమీ లేదు. పొలం గలవాడు చేయాల్సింది చెయ్యి ఆపుకోవడం ఒక్కటే. పేదవాడు తన చేత్తో తాను కోసుకుంటాడు, తలెత్తుకొని పోతాడు. అంచు ఎంత ఉండాలో ధర్మశాస్త్రం లెక్క చెప్పలేదు. తర్వాతి కాలపు యూదు బోధకులు 60వ వంతుకు తగ్గకూడదని మిష్నాలో రాసుకున్నారు. మనుషులం కదా, లెక్క లేకపోతే అంచు ఏటేటా సన్నబడిపోతుందని వాళ్లకు అనుభవం అయి ఉంటుంది.

పాటుపడిన వ్యవసాయకుడికి పంటలో ముందు వంతు రావాలని పౌలు తిమోతికి రాశాడు (2 తిమోతి 2:6). మన ప్రసంగాల్లో ఆ వచనం ఎప్పుడూ సేవకుడి జీతం గురించే వినబడుతుంది. నేనూ అలాగే చెప్పాను. అక్షరాలా చదివితే, నీళ్లు పోసిన అక్కకు మొదటి సొరకాయ.

ఇదంతా గ్రంథంలో ఉందని నాకు ముందే తెలుసు. వేదాంత కళాశాలలో చదివిందే. ఇది నేల మీద ఎలా నడుస్తుందో చూపించింది మాత్రం క్రైస్తవ సంస్థ కాదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ దళిత ఆడవాళ్లు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అక్కడ 1983లో మొదలైంది. దాన్ని నడిపినవారిలో ముఖ్యుడు పి.వి. సతీష్, 2023 మార్చిలో కన్నుమూశారు. ఊరూరా ఆడవాళ్ల సంఘాలు ఏర్పడ్డాయి. కలిసి భూమి కౌలుకు తీసుకోవడం, కలిసి దున్నడం, పంట పంచుకోవడం. వాళ్ల సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. మనమూ సంఘమే అంటాం, వాళ్లూ సంఘమే అంటారు. రెండు సంఘాల్లో ఏది అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయానికి దగ్గరగా ఉందో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

వాళ్లు చేసిన పనుల్లో రెండు మా తోటకు నేరుగా పనికొచ్చాయి. మొదటిది 1990ల మధ్యలో పెట్టుకున్న ధాన్య నిధి. దళితులకు ప్రభుత్వం పంచిన భూములు చాలావరకు రాళ్ల నేలలు, బీడుపడి ఉన్నాయి. దున్నడానికి, ఎరువుకు, విత్తనానికి అప్పు ఇచ్చారు. ఆ అప్పును డబ్బుగా కాదు, జొన్నలుగా తీర్చాలి. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ చేసి, పని దొరకని కాలంలో తక్కువ ధరకు పేద ఇళ్లకు ఇచ్చారు. ఎవరు పేద అన్నది ఏ అధికారీ రాసి పంపలేదు. ఊరివాళ్లే కూర్చొని ఇల్లిల్లూ లెక్క వేసి, ఎవరు మరీ పేద, ఎవరు కొంచెం నయం అని తేల్చారు. మరీ పేదకు ఎక్కువ వంతు. నలుగురి ముందు తేల్చిన లెక్క కాబట్టి తర్వాత ఎవరూ మాట్లాడలేకపోయారు.

రెండోది విత్తకుండా మొలిచే ఆకుకూరలు. జొన్న చేలో, కంది చేలో దానంతటదే వచ్చే గంగవాయిలి కూర, తుమ్మికూర లాంటివి ఎన్నో. వ్యవసాయ శాఖ లెక్కలో అవి కలుపు. ఆ ఆడవాళ్లకు కూర. అక్కడ భూమి లేని ఆడమనిషి కూడా ఇంకొకరి చేలోకి వెళ్లి ఆ ఆకు తెంపుకుంటుంది. అడగాల్సిన పని లేదు, డబ్బు లేదు. అందుకే కలుపుమందు అంటే వాళ్లకు కోపం. కలుపుమందు కొట్టినవాడు గడ్డిని చంపానని అనుకుంటాడు. పక్కింటి పేదరాలి కూరగిన్నెను, ఆమె హక్కును కూడా చంపాడు. పరిగెకు తెలంగాణ నేల మీద ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం నేను చూడలేదు.

జూన్‌లో వాన మొదలై తోట మునిగాక మేము పదకొండు కుటుంబాలం కూర్చున్నాం. గట్టిగానే మాట్లాడుకున్నాం. చివరికి వచ్చే వేసవికి కొన్ని మాటలు రాసుకున్నాం. కోత ఆదివారం కాదు, బుధ, శనివారాల సాయంత్రం. అప్పుడైతే పాళీ మారేవాళ్లూ రాగలరు. ఆ రోజు వరకు ఎవరు ఎన్ని బకెట్లు మోశారో గోడ మీద సుద్దతో గీతలు. గీతలు ఎక్కువున్న ఇంటికి మొదట కోసుకునే వంతు. జ్వరం, కాన్పు, సాంచా ఆగిపోయిన ఇల్లు ఉంటే గీతలు లేకపోయినా వంతు ఉంటుంది, అది అందరూ ముందే ఒప్పుకోవాలి. గోడవైపు, దారికి ఆనుకొని ఉన్న రెండు వరసలు మేము కోయం. అవి దారిన పోయేవాళ్లవి, పక్క షెడ్డువాళ్లవి. వాటికి కంచె ఉండదు. ఆ రెండు వరసల్లో మొక్కలు నాటే పని ఆ తెల్లవారుజామున అరిచిన ఇద్దరు యౌవనస్థులదే. అది శిక్ష కాదు, వాళ్లే అడిగారు.

అభ్యంతరాలు వచ్చాయి. మా పెద్దల్లో ఒకాయన ప్రథమ ఫలాలు దేవునివి, వేలం మానేస్తే దేవుని సొమ్ము ఆపినట్టు కాదా అన్నారు. గౌరవించాల్సిన ప్రశ్నే. ద్వితీయోపదేశకాండం 26 తీసి ఆయన చేతికే ఇచ్చాను. ప్రథమ ఫలాల గంప బలిపీఠం ముందు పెట్టాక ఏం జరగాలో పదకొండో వచనంలో ఉంది. ఇంటివారు, లేవీయుడు, పరదేశి కలిసి సంతోషించాలి. ఆ గంపలోది కొనలేక ఒక స్త్రీ ఇంటికి వట్టి చేతులతో పోతే ఆ సంతోషంలో ఎవరు తక్కువయ్యారో చూడండి అన్నాను. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. చివరికి ఒక గంప మందిరంలో పెట్టి ప్రార్థించి, అందులోవి అక్కడికక్కడే వండి అందరం తినాలని తేల్చాం. వేలం పాట పాడుకోవాలనుకునే సహోదరులు ఆ డబ్బు నేరుగా కానుక పెట్టెలో వేయొచ్చు. సొరకాయ అడ్డం అక్కర్లేదు.

ఇంకొక అభ్యంతరం ఎవరూ పైకి అనలేదు. నేను అంటాను. ఒకరిద్దరు తమ నీళ్లు వేరే డ్రమ్ములో పోస్తామన్నారు. నీళ్లు కలవడం ఇష్టం లేదన్నారు. ఎవరి నీళ్లతో అని నేను అడిగితే జవాబు లేదు. అందరిదీ ఒకే బాప్తిస్మం, డ్రమ్ము మాత్రం వేరు. వంద మంది ఎదుట కులం గురించి ప్రసంగం చేయడం సులువు. ఆ డ్రమ్ము దగ్గర నిలబడి, ఒక్కటే డ్రమ్ము ఉంటుంది అని చెప్పడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఒక కుటుంబం తోట మానేసింది. పది మిగిలాయి.

ఇప్పుడు జాగా దగ్గరికి వస్తాను. షెడ్డు యజమాని దీపావళి తర్వాత కబురు పంపారు. అక్కడ గోదాము కట్టాలనుకుంటున్నారు. ఆయన తప్పు లేదు, జాగా ఆయనది, చెప్పిన మాట ప్రకారమే అడిగారు. భివండీ చుట్టూ ఇప్పుడు గోదాములే. సాంచాలు మూతపడిన చోట కూడా వాటికి అద్దె వస్తుంది.

కార్మికుల ఊళ్లలో ఖాళీ నేల ఎటు పోతుందో ముంబై మిల్లుల చరిత్ర చెబుతుంది. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సమ్మె మొదలైంది. సుమారు 2.5 లక్షల మంది కార్మికులు. మిల్లులు మళ్లీ కోలుకోలేదు, అక్కడి నేత పని చాలావరకు భివండీ లాంటి ఊళ్ల మరమగ్గాలకు మళ్లింది. మిల్లుల కింద సుమారు 600 ఎకరాల నేల ఉండేది. ఆ నేలను అమ్మి కట్టడాలు కడితే మూడో వంతు పార్కులు, మైదానాలకు, మూడో వంతు అందుబాటు ఇళ్లకు, మిగతాది యజమానికి అని 1991 నిబంధన చెప్పింది. 2001లో ఆ లెక్క మిల్లు భవనాలు లేని ఖాళీ నేలకు మాత్రమే అని మార్చారు. ప్రజల వంతు చాలా కుంచించుకుపోయింది. 2006లో సుప్రీంకోర్టు ఆ మార్పును సమర్థించింది. పేదల వంతును లెక్క మార్చి తగ్గించడం ఎలాగో అక్కడ చూడవచ్చు. పొలం అంచు సన్నబడటం అంటే ఇదే.

అహాబు రాజు నాబోతు ద్రాక్షతోటను అడిగింది దేనికో గుర్తుందా? కూరతోటకు (1 రాజులు 21:2). రాజభవనానికి దగ్గరగా కూరగాయలు కావాలి. దానికోసం ఒక మనిషిని రాళ్లతో కొట్టి చంపించారు. ఒకరి కూరతోట ఇంకొకరి స్వాస్థ్యం మీద లేస్తే అది పాపమే. మరి ఏ స్వాస్థ్యమూ లేని అద్దె ఇళ్లవాళ్లు ఎక్కడ నాటాలి? బబులోనుకు చెరపట్టబడిన వాళ్లకు యిర్మీయా ఉత్తరం రాశాడు. ఇళ్లు కట్టుకొని, తోటలు నాటి వాటి ఫలం తినమన్నాడు (యిర్మీయా 29:5). వలస బతుకుకు ఇంతకన్నా పనికొచ్చే వచనం నాకు తెలియదు. కానీ నాటాలంటే చారెడు నేల కావాలి.

ఆ నేల ఎవరి దగ్గర ఉందో మన పాఠకులకు చెప్పనవసరం లేదు. మిషనరీల కాలం నుంచి తెలుగు నాట మన పాత మందిరాలకు, బడులకు, ఆసుపత్రులకు ఎకరాలకొద్దీ ఆవరణలున్నాయి. కొన్ని కార్లు నిలపడానికి, కొన్ని ఫంక్షన్లకు అద్దెకివ్వడానికి, కొన్ని కోర్టు కేసులకు. ఆ ఆవరణ గోడ అవతల వేసవిలో కూర కొనలేని ఇళ్లు ఉంటాయి. మీ సంఘానికి అలాంటి జాగా ఉంటే ఈ ఫిబ్రవరికి ఒక్క గుంట ఇవ్వమని కమిటీని అడగండి. యౌవనస్థుల సహవాసం నుంచే ఆ అర్జీ వెళ్లాలి. అర్జీలో ఖాళీ జాగా అడిగి వదిలేయకండి. కోత ఎవరిది, ముందు వంతు ఎవరిది, కంచె లేని వరస ఎంత, ఎన్నేళ్లకు ఇస్తున్నారు, ఇవన్నీ కాగితం మీద రాయించండి. మేము రాయించుకోలేదు.

గోంగూర, సొర విత్తనాలు ఆ అక్క ఇంట్లో ఉన్నాయి. గత వేసవి ఒక సొరకాయను తీగ మీదే ముదరనిచ్చి, ఎండబెట్టి, గింజ తీసి బూడిద కలిపి సీసాలో పోసి పెట్టింది. ఆ కాయను వేలానికి ఇవ్వలేదని, ఆకుల కింద దాచిందని మొన్ననే నాతో చెప్పింది. ఈ ఏడాది జాగా కోసం మేము మూడు చోట్ల అడిగాం. రెండు చోట్ల చూద్దామన్నారు. మూడోది ఒక మందిరం వెనక స్థలం. కమిటీ వచ్చే నెల కూర్చుంటుంది.